మిద్దె మీద నడక

ఆ వానాకాలమంతా మా ఇంట్లో ఒకే ఒక్క మాట మీద రగడ. ఆ మాట వాకింగ్. అది నా నోట్లోంచి రావడం ఆలస్యం, మా అత్త మొహం గోడ వైపుకు తిప్పుకునేది. నేనేమో అనకుండా ఉండలేకపోయేదాన్ని. మధ్యలో మా ఆయన నోట్లో నాలుక లేనట్టు పేపరు అడ్డం పెట్టుకొని కూర్చునేవాడు. ఒకవైపు కన్నతల్లి, ఒకవైపు కట్టుకున్నది, ఎటు మాట్లాడినా తంటానే అని ఆయన భయం.

మా అత్త అంటే మా నాయనకు సొంత అక్క. పెళ్ళికి ముందూ అత్తే, పెళ్ళయినాకా అత్తే. అందుకని అత్తాకోడళ్ళ మర్యాదలు మా మధ్య ఎప్పుడూ లేవు. ఆమెను నేను నువ్వు అనే అంటాను. ఆమె నన్ను ‘ఏమే’ అనే పిలుస్తుంది. కోపమొస్తే, నాకు నెత్తి నెరిసిందని కూడా చూడకుండా మొట్టికాయ వేసేదానికి చెయ్యెత్తుతుంది.

పెద్దారవీడు అవతల, నల్లమల కొండలు నీలంగా కనపడే పల్లె ఆమెది. వయసులో ఉన్నంతకాలం కంది చేలకు, మిరప తోటలకు కూలికి పోయింది. బోరు నీళ్ళు తాగింది. మా వైపు ఫ్లోరైడు నీళ్ళ సంగతి చెప్పేదేముంది, ముందు పళ్ళకు పసుపు రాస్తాయి, తర్వాత ఎముకలకు ఎసరు పెడతాయి. రెండు మోకాళ్ళూ అరిగిపోయి, లేచి నిలబడేదానికే ‘ప్రభువా’ అనేది. మామ పోయినాక మార్కాపురంలో మా ఇంటికి తెచ్చుకున్నాం. ఒంగోలు తీసుకుపోయి కుడి మోకాలు మార్పించినాం. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగిందన్నారు.

“మా పని అయిపోయింది. ఇక మీ పనే మిగిలింది” అన్నాడు డాక్టరు, పంపించేటప్పుడు. “రోజూ నడవాలమ్మా. మోకాలు వంచాలి. నడవకపోతే బిగుసుకుపోతుంది. ఈసారి వచ్చేటప్పటికి వంగకపోతే మళ్ళీ మత్తిచ్చి బలవంతంగా వంచాల్సి వస్తుంది. అప్పుడు కూడా వంగకపోతే ఇంక మంచమే.”

మా అత్త బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చి మంచమెక్కింది. అంతే.

బాత్రూం దాకా పోయేది, మళ్ళీ మంచం. కాలు కర్రమాదిరి చాపుకొని, నేల మీద ఈడ్చుకుంటా పోయేది. పట్టుకొని నడవమని కొన్న వాకర్ మీద తడి తువ్వాలు ఆరేసుకుంది. తువ్వాలు పక్కన జాకెట్టు, జాకెట్టు పక్కన నా మనవడి నిక్కరు. దండెం కట్టే బాధ తప్పిందని మెచ్చుకుంది కూడా.

“అత్తా, లేయ్. కాసేపు నడువు.”

“యాడికి?”

“యాడికీ కాదు. గేటు కాడ్నించి ఆ కరెంటు స్తంభం దాకా పోయి రా.”

“స్తంభం కాడ ఏముంది?”

“ఏమీ లేదు.”

“ఏమీ లేని కాడికి పోయి, ఏమీ తీసుకోకుండా తిరిగి రావాలనా?”

“ఆ.”

“నీకేమన్నా మతి పోయిందా ఏమే?”

ఇట్ల ఉండేది మా సంభాషణ. ఆమె మంకుపట్టు అని నాకు ఒళ్ళు మండేది గానీ, ఆమె లెక్క ఆమెకుంది. ఆమె ఊర్లో ఉత్తచేతులతో నడిచిన ఆడమనిషి లేదు. బిందె ఉండాల, కొడవలి ఉండాల, సద్దిగిన్నె ఉండాల, ఆదివారమైతే బైబిలు ఉండాల. చేతిలో ఏమీ లేకుండా ఒక ఆడమనిషి వీధిలో గబగబా పోతా కనపడితే, “ఎవరు పోయినారు?” అని అడిగేవాళ్ళు. చావు కబురు తెలిసిన వాళ్ళే అట్ల పోయేది. అట్లాంటి మనిషిని పట్టుకొని ఊరికే నడువు అంటే ఎట్ల నడుస్తుంది?

ఆపరేషన్‌కు ముందు ఒకసారి పొద్దున్నే ఆటోలో కూర్చోబెట్టుకొని కాలేజీ గ్రౌండుకు తీసుకుపోయినాను, జనం నడిచేది చూస్తే ఇష్టం పుడుతుందేమోనని. మా పక్కింటి ఆపా కూడా వచ్చింది. పైన బురఖా, కింద తెల్ల స్పోర్ట్స్ బూట్లు, గాలికి పోయినట్టు పోతుంది, ఆమెను అందుకోవడం నా వల్ల కాదు. బ్యాంకోళ్ళు, టీచర్లు, పలకల వ్యాపారం చేసేవాళ్ళు, అందరూ గ్రౌండు చుట్టూ తిరుగుతా ఉన్నారు. అత్త సిమెంటు బెంచీ మీద కూర్చొని చాలాసేపు చూసింది.

“పాపం, వీళ్ళందరివీ ఏం పోయినాయే?” అనింది నాతో, మెల్లగా.

“ఏం పోవడమేంది?”

“మరి ఏం వెతుకుతా ఉండారు?”

ఆపా నవ్వు ఆపుకోలేక నేల మీద కూర్చుండిపోయింది.

ఆ పూట నవ్వుకున్నాంగానీ, ఆపరేషన్ తర్వాత నవ్వు రాలేదు. మళ్ళీ ఒంగోలు పోవాల్సిన రోజు దగ్గర పడతా ఉంది. మోకాలు వాపు తగ్గిందిగానీ వంగడం లేదు. నేను చెయ్యేసి వంచబోతే పెడబొబ్బలు పెట్టేది. ఒకరోజు బాగా తిట్టేసి స్కూలుకు పోయినాను. మంచంలో పడి పుండ్లు పడితే నేనే గదా కడగాల్సింది అని కూడా అన్నాను. మాట నోరు జారింది, ఆమె గోడ వైపు తిరిగింది.

నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. ఆరోజు లీజర్ పీరియడ్‌లో కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలీక, స్టాఫ్ రూం బీరువాలోంచి లావు డిక్షనరీ దుమ్ము దులిపి తీసినాను. అసలు ఈ వాక్ అనే మాటను ఏ మహానుభావుడు కనిపెట్టినాడో చూద్దామని.

పేజీ నిండా దాని అర్థాలే. మనిషి నడిస్తే వాక్. కుక్కను తిప్పుకొస్తే వాక్. దయ్యం తిరిగితే వాక్. నిద్దట్లో లేచి నడిస్తే అదీ వాకే. అంపైర్ వేలెత్తకముందే బ్యాట్స్‌మన్ తనంతట తాను వెళ్ళిపోతే అదొక వాక్. నడిచే బాట కూడా వాకే. మనిషి చేసుకొని బతికే పనికీ అదే మాట కలిపి వాక్ ఆఫ్ లైఫ్ అంటారు. ఇన్ని పనులు చేస్తున్న మాటను నేను పిల్లలకు ‘నడుచుట’ అని ఒక్క ముక్కలో చెప్పి ముగించేస్తున్నాను ఇన్నేళ్ళుగా.

అన్నిటికంటే కింద సన్న అక్షరాల్లో ఆ మాట పుట్టుక ఉంది. మొదట్లో దానికి నడకతో సంబంధమే లేదంట. పాత ఇంగ్లీషులో దొర్లడం, పొర్లడం, అటూ ఇటూ ఎగిరిపడడం అని అర్థం. సముద్రంలో అలలు పొర్లేదానికి ఆ మాట చెప్పేవాళ్ళు. తర్వాత ఇంకో పనికి ఆ మాటే వచ్చింది. కొత్తగా నేసిన ఉన్నిబట్టను తొట్టిలో నీళ్ళు పోసి, అందులో వేసి, కాళ్ళతో తొక్కేవాళ్ళు. తొక్కగా తొక్కగా వదులు నేత దగ్గరపడి, బట్ట చిక్కనై, చలినీ వాననూ ఆపేది. అట్ల తొక్కి బతికేవాళ్ళకే వాకర్ అని పేరు. ఇంటిపేరుగా అది ఇప్పటికీ ఇంగ్లీషువాళ్ళల్లో మిగిలే ఉంది. అలలు పొర్లిన మాట, బట్ట తొక్కిన మాట, వందల ఏళ్ళ కింద ఎప్పుడో మెల్లగా రోడ్డెక్కి మామూలు నడక అయిపోయింది. ఎట్ల అయిందో చదువుకున్నవాళ్ళు కూడా ఊహించి చెప్పేదే.

వాన లోపలికి దిగకుండా కాళ్ళతో తొక్కడం. ఆ ముక్క కాడ నా కళ్ళు నిలబడిపోయినాయి. గంట కొట్టింది కూడా వినపడలేదు. మా అత్త ఇల్లు, ఆ మట్టి మిద్దె, ముసురులో దాని మీద తిరిగే ఆమె కాళ్ళు, అన్నీ ఒక్కసారిగా వచ్చి ముందర నిలబడినాయి.

చిన్నప్పుడు ఎండాకాలం సెలవులంటే మాకు అత్త ఊరే. మార్కాపురంలో బస్సెక్కితే రోడ్డు మీద దించేవాళ్ళు, అక్కడ్నించి మిగతాదంతా నడకే. ఆమెది రాతిగోడల ఇల్లు. పైన దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద కట్టెపుల్లలు, వాటి మీద మందంగా మట్టి. ఎండాకాలంలో లోపల ఎంత చల్లగా ఉండేదో! ఇప్పుడు ఏసీ వేసుకొని కూడా ఆ చల్లదనం కోసం వెతుక్కుంటాను. వెలుతురు కోసం మిద్దెకు ఒక చిన్న గవాచి ఉండేది, దాంట్లోంచి ఎండ గుండ్రంగా నేల మీద పడేది. మధ్యాన్నం మేం ఆ ఎండబిళ్ళ చుట్టూ కూర్చొని బొరుగులు తినేవాళ్ళం. సాయంత్రమైతే మిద్దె మీదే మకాం. ఆరబోసిన మిరపకాయలు ఒక పక్కకు నెట్టి, నీళ్ళు చల్లి, చాపలు పరిచేవాళ్ళు.

తొలకరి రాకముందే మిద్దెకు చౌడు వెయ్యాల. చౌడు అంటే ఊరి బయట తెల్లగా పొంగే ఉప్పుమన్ను. దాన్ని మిద్దె మీద పరిచి తడిపి తొక్కితే నీళ్ళు దిగవు. గాడిదల మీద చౌడు తోలించి, తట్టలతో పైకి మోసి పోసేవాళ్ళు. ఆ తర్వాతదే అసలు పండగ. వాడకట్టులో ఆడవాళ్ళందరూ వచ్చేవాళ్ళు. ఈరోజు ఈ ఇల్లు, రేపు ఆ ఇల్లు. చీరలు పైకి దోపి, ఒకరి నడుము మీద ఒకరు చెయ్యేసుకొని వరసగా నిలబడి, గుడిలో పాడే పాటే పాడుకుంటా, ఒక్క అడుగుగా తొక్కేవాళ్ళు. వరసకు మొదట మా అత్త. ఆమె అడుగు వేస్తేనే వరస కదిలేది.

చిన్నపిల్లలం గదా, మాకు చివర చోటు. నేను మాత్రం ఎట్లో దూరి అత్త పక్కకే పోయేదాన్ని. “మడమ వెయ్యి మే, మడమ! బొటనవేళ్ళ మీద డాన్సులాడాకు” అని మొట్టికాయ వేసేది. తడి చౌడు వేళ్ళ సందుల్లో చక్కిలిగింతలు పెట్టేది, ఆరితే చురచురలాడేది. సాయంత్రానికి మిద్దె నున్నగా అరచేయిలాగా ఉండేది. ఆ రోజుల్లో మా అత్త కాళ్ళు చూసినవాళ్ళు ఇప్పుడామె ఈడ్చుకుంటా పోయే కాలును చూస్తే నమ్మరు. నాకే నమ్మబుద్ధి కాదు, ఏడుపొస్తుంది.

ఎంత తొక్కినా ముసురు పట్టిందంటే యాడో ఒక చోట మిద్దె ఉరిసేది. ఒకసారి దసరా సెలవులకు పోయినప్పుడు చూసినాను. లోపల చుక్క చుక్క పడతా ఉంది. మామ గిన్నె పెట్టలేదు. పొడుగాటి కర్ర తీసుకొని, చుక్క పడే చోట కింది నుంచి దంతెను టక్ టక్‌మని కొట్టినాడు. అప్పటికే అత్త గోనెసంచి మడిచి నెత్తిన వేసుకొని నిచ్చెనెక్కి పైన ఉంది. కర్ర చప్పుడు యాడ వినపడితే ఆడికి నడిచి వచ్చింది. దబ్ దబ్ దబ్. మట్టి సర్దుకొని చుక్క ఆగిపోయింది. ఇంకో చోట కారితే మామ అక్కడ కొట్టేవాడు, ఆమె అక్కడికి పోయేది. ఒక్క మాట లేదు ఇద్దరి మధ్య. మామూలుగా వాళ్ళిద్దరూ కుదురుగా మాట్లాడుకోగా నేను చూడలేదు, ఆయన ఒకటంటే ఆమె రెండనేది. ముసురు పట్టిన రోజు మాత్రం కింద కర్ర, పైన కాళ్ళు, అంత ముద్దుగా మాట్లాడుకునేవి.

మామ పోయిన ఏడాది కూడా వానకు మిద్దె ఉరిసింది. అత్త ఒక్కతే ఎక్కి తొక్కిందంట. దిగి చూస్తే కారే చోట కారతానే ఉంది. మళ్ళీ ఎక్కింది. మళ్ళీ దిగింది. “కింద కొట్టేవాళ్ళు లేకపోతే యాడని తొక్కాల?” అనింది మేం పోయినప్పుడు. ఆ వానకే ఒక మూల కుంగిపోయింది. ఆ మాట అనేసి, ఆమె పెట్టె సర్దుకొని మా వెంట వచ్చేసింది.

స్కూలు నుంచి వస్తానే చెప్పులు కూడా విప్పకుండా ఆమె మంచం మీద కూర్చున్నాను. పొద్దున తిట్టిన తిట్లకు ముందు చెంపలేసుకున్నాను. తర్వాత డిక్షనరీలో చదివిందంతా చెప్పినాను. గోడ వైపు తిరిగిన మనిషి మెల్లగా ఇటు తిరిగింది.

“అయితే ఆ దొరలు కూడా తొక్కేవాళ్ళా?”

“తొక్కేవాళ్ళంట. ఉన్ని జిడ్డు పోవాలని నీళ్ళల్లో నిలవబెట్టిన ఉచ్చ కూడా కలిపేవాళ్ళంట.”

“థూ! ముదనష్టపోళ్ళు!” అని పమిట నోటికి అడ్డం పెట్టుకొని పడీపడీ నవ్వింది. ఆమె అట్ల నవ్వి ఎన్నాళ్ళయిందో. “మా మిద్దెకు మంచి నీళ్ళే పోసినాం తల్లీ.”

“అందుకే అత్తా, నువ్వు కొత్తగా చేసేది ఏమీ లేదు. నువ్వు చేసిన పనికే ఆ పేరు. లేచి నాలుగు అడుగులు వెయ్యి.”

నవ్వు ఆపింది. కాళ్ళ వైపు చూసుకుంది. “వాళ్ళకు కింద బట్ట ఉండె. నాకు మిద్దె ఉండె. ఇక్కడ ఏముంది తొక్కేదానికి, నీ టైల్సు తప్ప?” అనింది. నేను లేచి పోయి టీ పెట్టినాను.

ఆ తర్వాత కొద్దిరోజులకే తుపాను అన్నారు. మా వైపు మామూలుగా చినుకు కోసం మొహం వాచిపోయి ఉంటాం, తుపాను పడితే మాత్రం అంతా కట్టగట్టుకొని వస్తుంది. ముసురు పట్టి వదల్లేదు. మా స్లాబుకు ఎప్పట్నుంచో ఒక సన్న పగులు ఉంది, నడింట్లో వీధి గోడకు ఆనించిన బీరువా పక్కన చుక్కలు పడడం మొదలైంది. మా ఆయన మేస్త్రీకి ఫోన్ చేస్తే, వాన వెలిసినాక చూస్తానన్నాడు. బకెట్ పెట్టినాం. అత్త మంచంలోంచి ఆ చుక్కనే చూస్తా పడుకునేది. “మిద్దె ఉరుస్తా ఉంది” అనేది. “స్లాబు అత్తా” అనేదాన్ని. “ఆ, అదే” అనేది. మాటిమాటికీ అదే గోల.

ఆరోజు వానకు స్కూళ్ళు మధ్యాన్నమే వదిలేసినారు. తడిసి ముద్దయి ఇంటికొచ్చినాను. మంచం ఖాళీ. బాత్రూంలో లేదు. వంటింట్లో లేదు. వాకర్ మూలన తువ్వాలు కప్పుకొని అట్లనే నిలబడి ఉంది. “అత్తా!” అని అరిచి, పక్కింటి ఆపాను పిలుద్దామని గుమ్మం దాకా ఉరికినాను.

అప్పుడు వినపడింది, నెత్తి మీద. దబ్. ఆగింది. దబ్.

మెట్లెన్ని ఉన్నాయో, నేను ఎట్ల ఎక్కినానో నాకు తెలీదు. పైన మా అత్త యూరియా సంచి మడిచి నెత్తిన వేసుకొని, ఒక చేత్తో పిట్టగోడ పట్టుకొని, వానలో స్లాబు తొక్కుతా ఉంది. ఎడమ కాలు ఒకటి. కుడి కాలు ఒకటి. ఆ కుడి కాలు లేస్తా ఉంది. మోకాలు వంగుతా ఉంది. నొప్పికి పళ్ళు కొరుకుతా ఉంది, అయినా మడమ వేస్తా ఉంది.

“అత్తా, జారిపడతావు! ఎట్ల ఎక్కినావు?”

“ఎట్లేంది, కాళ్ళతో. కేకలెయ్యాకు” అనింది రొప్పుతా. “ఎంతసేపట్నుంచి తొక్కుతా ఉండానో. యాడ ఉరుస్తా ఉందో తెలిస్తే గదా?”

“ఇది సిమెంటు మిద్దె అత్తా. ఎంత తొక్కినా ఇది సర్దుకోదు.”

నా వైపు చూసింది. వాన మొహం మీంచి కారతా ఉంది.

“నాకు తెలీదా ఏమే? సిమెంటో మన్నో తెలవనంత ముసల్దాన్నయినానా?” అనింది. “పో. కిందికి పోయి కర్ర తీసుకో.”

పిట్టగోడ వదలొద్దని చెప్పినాను. మెట్లు దిగుతా ఉంటే కళ్ళ ముందర ఏమీ కనపడలేదు, వాననీళ్ళో కన్నీళ్ళో. నడింట్లోకి వచ్చి, తలుపు వెనక ఉన్న పొడుగాటి బూజుకర్ర తీసుకున్నాను. చుక్క పడే చోట కింద నిలబడి, మామ కొట్టినట్టే స్లాబును కొట్టినాను. టక్ టక్.

పైన అడుగులు ఆగినాయి. మళ్ళీ కొట్టినాను. కొంచెంసేపు వాన చప్పుడే. తర్వాత అడుగులు కదిలినాయి. ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా, పిట్టగోడ వెంబడి నడుచుకుంటా వచ్చి సరిగ్గా నా నెత్తి మీద నిలబడినాయి. దబ్ దబ్ దబ్.

చుక్క ఆగలేదు. బకెట్లో పడతానే ఉంది. నేను కర్ర తీసుకొని, ఏమీ కారని చోటికి, గోడ వెంబడే, నాలుగు అడుగులు అవతలికి పోయి కొట్టినాను. అడుగులు అటు నడిచినాయి. ఇంకా అవతలికి పోయి కొట్టినాను.